తోటకు కంచె, పిల్లలకు ఒక మనిషి: వీరులపాడు మండల పరిషత్‌కు బహిరంగ లేఖ

వీరులపాడు మండల పరిషత్ అధ్యక్షుల వారికి, ఎంపీటీసీ సభ్యులకు, సర్పంచులకు, ఎంపీడీవో గారికి,



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఒక అంశం చేర్చమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. అడిగేవి రెండు. మండలంలోని హైస్కూలు పిల్లలతో వారంలో రెండు రోజులు కూర్చుని మాట్లాడే, అందుకు తగిన చదువు చదివిన కౌన్సెలర్ ఒకరు. ఆ పిల్లలూ వాళ్ల తల్లులూ కలిసి పెంచుకునే కూరగాయల తోటలు, ముందుగా మూడు ఊళ్లలో. ఈ రెండిటినీ రెండు ఫైళ్లలో పెట్టొద్దని, ఒకే తీర్మానంలో పెట్టమని నా విన్నపం. టపాలో ఇవ్వకుండా అందరూ చదివేలా ఎందుకు రాశానంటారా? ఇలాంటి అర్జీ ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్న రాతతో వైద్య శాఖకు పోతుంది. వాళ్లు విద్యా శాఖకు తోస్తారు. వాళ్లు స్త్రీ శిశు సంక్షేమానికి. ఈలోగా పదో తరగతి పిల్లకు పెళ్లయిపోతుంది.

ఉమ్మడి కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకు డెల్టా కాలువలు, వరి చేలు గుర్తొస్తాయి. మనది మెట్ట. వైరా, కట్టలేరు ఉన్నా, సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు ఎప్పుడొస్తాయో కాలువకే తెలియాలి. నల్లరేగడిలో పత్తి, మిర్చి. నీటికి పూచీ లేనిచోట, కూలీలు దొరకనిచోట కాగితం మిల్లుల కోసం సుబాబుల్. ఇవన్నీ అమ్ముకునే పంటలు. మిర్చి తింటాం, నిజమే, కానీ దాంతో ఒంటికి రక్తం పట్టదు. మనం తినే కూరగాయలు నందిగామ నుంచో విజయవాడ నుంచో ఆటోల్లో వస్తాయి. పత్తి రేటు పడిపోయిన ఏడాది ఇంట్లో ముందు తగ్గేది కూర. ఆ తగ్గిన కూరలో ఆఖరి వాటా ఆడపిల్లది.

వెనక ఎంత పేద ఇంటికైనా ఇంత దొడ్డి ఉండేది. మునగ చెట్టు, కరివేపాకు, పందిరి మీద బచ్చలి. 2020లో పల్లెల్లో పేదలకిచ్చిన ఇంటి స్థలం సెంటున్నర. అందులో ఇల్లు కట్టాక మోటారు సైకిలు పెట్టుకోవడానికే చోటు చాలదు, ఇక బచ్చలి తీగ ఎక్కడ పాకుతుంది? అందుకే ఎవరి పెరట్లో వాళ్లు వేసుకోండని విత్తనాల ప్యాకెట్లు పంచే పథకాలు మన కాలనీల్లో పనికిరావడం లేదు. పెరడు లేనివాళ్లకు కావలసింది ఊరుమ్మడి తోట.

లెక్కలు కొన్ని చెప్పక తప్పదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 60 మందికి రక్తహీనత ఉంది. 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15–19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నారు. ఇవి రాష్ట్రం లెక్కలు. మండలం లెక్క కావాలంటే మీరు పిలిస్తే వస్తుంది. పీహెచ్‌సీ డాక్టరు గారిని రిజిస్టర్లతో సహా సమావేశానికి రమ్మనండి.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. వారానికొకసారి బడిలో ఐరన్ మాత్ర ఇచ్చే పథకం పదేళ్లకు పైగా నడుస్తోంది. నీలం రంగు మాత్ర. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఆ మాత్రలు నా చేత్తోనే పంచాను. తరగతి గది వెనక వేపచెట్టు కింద వాటిని ఏరిన రోజులూ ఉన్నాయి. పిల్లలు మింగినట్టు తలూపి కిటికీలోంచి విసిరేసేవాళ్లు. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం పుడుతుందని, విరేచనం నల్లగా అయితే భయపడక్కర్లేదని, మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగకూడదని ఎవరో ఒకరు తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పాల్సిన ఏఎన్ఎమ్మకు ఆ రోజు మరో సర్వే ఉంటుంది. రిజిస్టరులో మాత్రం నూటికి నూరు మందీ మింగినట్టే.

2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కూడా ఉంది. పదేళ్ల నుంచి పందొమ్మిదేళ్ల వరకు ఉన్న పిల్లల కోసం ఆసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్కులు, అక్కడ కౌన్సెలర్లు ఉండాలన్నది అందులోని ఆలోచన. మంచిదే. కానీ మన పల్లె పిల్ల అక్కడికి వెళ్లాలంటే ఆటో ఛార్జీ, తోడు, నాన్నకు చెప్పుకోవడానికి ఒక కారణం, మూడూ కావాలి. మొదటి రెండూ ఎలాగోలా దొరుకుతాయి.

పోనీ బడిలోనే ఒక గది చూసి ‘కౌన్సెలింగ్ సెంటర్’ అని బోర్డు పెడదామంటే, ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. తొక్కిన పిల్ల గురించి సాయంత్రానికి ఊరంతా మాట్లాడుతుంది. ‘ఆ పిల్లకేమైంది? ఏదైనా తేడానా?’ పల్లెలో రహస్యంగా కూర్చునే చోటు ఉండదు. నలుగురూ చూస్తుండగా, ఏదో పని మీద ఉన్నట్టు, పక్కపక్కనే కూర్చునే చోటు మాత్రమే ఉంటుంది. తోట సంగతి నాకు అక్కడే తట్టింది.

ఒక బడిలో, పేరెందుకు గానీ, చేతిపంపు నీళ్లు వృథాగా పోయేచోట నాలుగు మళ్లు తోటకూర వేశాం. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె బకెట్టు మోసుకొచ్చి, మడి గట్టు దగ్గర టక్కున ఆగిపోయింది. బకెట్టు పక్కదాని చేతికిచ్చి ‘నువ్వు పొయ్యవే’ అంది. ఏమైందే అంటే తలొంచుకుని, ‘బయట ఉన్నా టీచర్. నేను పోస్తే మాడిపోద్ది’ అంది. వాళ్ల నాయనమ్మ చెప్పిందట. కరివేపాకు చెట్టు కూడా ముట్టనివ్వరట. అక్కడ నేను పాఠమేమీ చెప్పలేదు. ఆ చివరి మడి ఆమె పేరన రాశాను. నెలలో ఏ రోజైనా సరే దానికి నీళ్లు నువ్వే పోయాలి, ఇంకొకరు పోయడానికి వీల్లేదు అన్నాను. మూడు వారాలు దాటాక తోటకూర కోతకొచ్చింది. అన్ని మళ్లకంటే అదే ఏపుగా ఉంది, చివరి మడి కదా, నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. ఆ కారణం మాత్రం నేను పిల్లలకు వెంటనే చెప్పలేదు.

ఆ తర్వాత ఆ మళ్ల దగ్గర వచ్చిన మాటలు నా సర్వీసులో ఏ పీరియడ్‌లోనూ రాలేదు. నెలకు రెండుసార్లు వస్తోందని ఒకతె. పది రోజులైనా ఆగడం లేదని, ప్రార్థన దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని ఒకతె. మేనమామ వరస అబ్బాయితో మాటలు అయిపోయాయని, పరీక్షలయ్యాక ముహూర్తమని ఇంకొకతె. ఎవరూ తలెత్తి చెప్పలేదు. అందరూ కలుపు తీస్తూనే చెప్పారు. నేను సైన్సు టీచర్ని. కళ్లు తిరగడానికి కారణం చెప్పగలను, ఆసుపత్రికి తీసుకెళ్లగలను. ముహూర్తం సంగతి ఎలా మాట్లాడాలో, ఎవరితో ముందు మాట్లాడాలో, ఆ పిల్లకు ఇంట్లో దెబ్బలు పడకుండా ఎలా నడిపించాలో తెలిసిన మనిషి వేరు. ఆ మనిషినే నేను అడుగుతున్నాను.

మగపిల్లల దారి వేరు. వాళ్లు చెప్పుకోరు, బండెక్కుతారు. ఫోనులో పందేలు, ఇంటర్ తప్పామన్న సిగ్గు, అప్పుడప్పుడూ గంజాయి వాసన. గంజాయి మీద చెప్పడానికి 1972 నంబరుంది. మనసు బాగోకపోతే టెలి మానస్ నంబరు 14416 ఉంది, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబర్లు ప్రతి బడి గోడ మీదా రాయించాలి, సందేహం లేదు. కానీ పద్నాలుగేళ్ల పిల్లాడు ఫోను చేయాలంటే ఆ ఫోను నాన్న జేబులో ఉంటుంది.

పదో తరగతిలో ఐదొందలు దాటిన పిల్లలు విజయవాడ చుట్టుపక్కల కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లకు వెళతారు. దసరాకు వచ్చినప్పుడు చూడండి, సగం మంది మాట్లాడరు. 2023 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లో రాష్ట్రంలో తొమ్మిది మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికల్లో చదివాం. అదే ఏడాది విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి హాస్టల్లో ఉంటూ చనిపోయింది. ఆ తండ్రి పట్టువదలకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం ఆ కేసులో దేశమంతటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. అంతకంటే చిన్నవైతే బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. ఇది హాస్టళ్లకూ కోచింగ్ సెంటర్లకూ మాత్రమే కాదు, ప్రభుత్వ బడులకూ వర్తిస్తుంది. అమలు చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలని కూడా చెప్పింది.

సుప్రీంకోర్టు మన మండలానికి మరీ దూరపు చుట్టమేమీ కాదు. మన పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ గారు 2021 ఏప్రిల్ నుంచి 2022 ఆగస్టు వరకు ఆ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు. 2021 డిసెంబరులో ఆయన ఊరికి వచ్చినప్పుడు ఎడ్లబండి మీద ఊరేగించుకున్నాం కూడా. ఊరేగింపు జరిపిన మండలం ఆ కోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి ముందుగా అమలు చేసి చూపిస్తే బాగుంటుంది.

ఇక డబ్బు. ఇక్కడ మీరు చెప్పబోయే జవాబు నాకు తెలుసు, పైగా అది అబద్ధం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి స్థానిక సంస్థలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసింది. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదంది. అంటే గోడ కట్టొచ్చు, గదికి సున్నం వేయొచ్చు, ఆ గదిలో కూర్చునే మనిషికి మాత్రం రూపాయి ఇవ్వకూడదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీరాజ్ సంస్థలకు 29 అంశాలు రాసిపెట్టారు. అందులో ఆరోగ్యం ఉంది, స్త్రీ శిశు అభివృద్ధి ఉంది, వ్యవసాయం ఉంది. ఆ షెడ్యూలును చేర్చిన రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993లో. ఆనాడు పుట్టినవాళ్ల పిల్లలు ఇవాళ మన బడుల్లో ఉన్నారు.

కానీ దారి మూసుకుపోలేదు. మండల పరిషత్, జిల్లా పరిషత్ జనరల్ ఫండ్స్‌లో స్త్రీ శిశు సంక్షేమానికి 15 శాతం కేటాయించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. ఆ పద్దు కింద కుట్టుమిషన్లు కొంటారు. కుట్టుమిషన్ల మీద నాకు కోపం లేదు, మా ఇంట్లోనూ ఒకటుంది, దాని మీద బట్టలు మడతపెట్టుకుంటున్నాం. ఒక ఏడాది మిషన్లు ఆపి ఆ డబ్బు కౌన్సెలర్ గౌరవ వేతనానికి వాడండి. వారానికి రెండు రోజులు, నెలకు ఎనిమిది తొమ్మిది రోజుల పని. రానుపోను ఖర్చులతో కలిపి నెలకు ఇరవై వేలు అనుకుందాం, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. మండలం జనరల్ ఫండ్ ఎంతుంటుందో, సీనరేజి వాటా ఎన్నాళ్లకొస్తుందో తెలియక ఇంత మాట అనడం లేదు. అందుకే సగం జిల్లా పరిషత్‌ను అడగండి. మనకు కలెక్టరాఫీసు విజయవాడలో ఉన్నా, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు జిల్లా పరిషత్ పాత కృష్ణా జిల్లాకు ఉమ్మడిగా బందరులోనే ఉండిపోయింది. అంత దూరం వెళ్లి అడిగేవాళ్లు లేక మెట్ట మండలాల వాటా మాటే ఎత్తరు. మన హైస్కూళ్ల బోర్డుల మీద పేరు జిల్లా పరిషత్‌దే. ఆ పేరు పెట్టుకున్నందుకైనా వాళ్లను నిలబెట్టి అడిగే హక్కు మన జడ్పీటీసీ గారికి ఉంది.

తోటలకైతే అంత తిప్పలు కూడా లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులకు తీర్మానాలు రాశారు. అక్టోబరులో పల్లె పండుగ పేరుతో సిమెంటు రోడ్లు, పశువుల కోసం గోకులాలు మొదలయ్యాయి. గేదెకు రేకుల షెడ్డు వద్దనను, పాడి ఉన్న ఇంటికి అది వరమే. పశువు మేతకూ నీడకూ పద్దు దొరికినప్పుడు పిల్లల కూరాకుకు దొరకదా అన్నదే నా ప్రశ్న. నేల చదును, కంచె, నీటి తొట్టి, కంపోస్టు గుంత ఇవన్నీ ఉపాధి కూలీలతో అయ్యే పనులే. బడుల్లో పోషకాహార తోటలు వేయాలని 2019లోనే అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మార్గదర్శకాలిచ్చింది. విత్తనానికీ ఎరువుకూ ప్రకృతి సేద్యం సిబ్బంది ఉన్నారు. రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఆ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అంత దూరం పేరు తెచ్చుకున్నవాళ్లు మన బడి వెనకకు వచ్చి ఘనజీవామృతం ఎలా కలపాలో చూపించలేరా?

ఇదంతా ఎక్కడైనా జరిగిందా అని అడిగేవాళ్లకు కేరళ చూపిస్తాను. 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికిచ్చారు. 1998లో వచ్చిన కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్లు కౌలు భూముల్లో గుంపులుగా కూరగాయలు పండిస్తున్నారు. అదే కుటుంబశ్రీ జిల్లాల్లో ‘స్నేహిత’ పేరుతో కౌన్సెలర్లున్న సహాయ కేంద్రాలు నడుపుతోంది. కూర పండించే సంఘమూ, కష్టం వినే కేంద్రమూ ఒకే గొడుగు కింద ఉన్నాయి. మన డ్వాక్రా సంఘాలు వాళ్లకేమీ తీసిపోవు. వాళ్లకున్నది, మనకు లేనిది పంచాయతీ చేతిలో డబ్బు.

తోటలు పెడితే వచ్చే చిక్కులు కూడా చెబుతాను, లేకపోతే సమావేశంలో ఎవరో ఒకరు లేచి చెబుతారు. మొదటిది కోతులు. నవ్వకండి, మంచి మంచి పథకాలను మింగినవి మన మెట్టలో కోతులే. కాయ కూరలకు కోతులు దిగుతాయి. ఆకుకూరలు, మునగ, కరివేపాకు, కంద, చేమ వేస్తే వాటి బెడద కొంత తక్కువ. పైగా ఇనుము కోసం మనకు కావలసినవీ ఆకుకూరలే. గోంగూర, తోటకూర, పొన్నగంటి, మునగాకు. పక్కనే నాలుగు నిమ్మ చెట్లు వేయించండి. నిమ్మరసం పిండుకుని తింటేనే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. రెండోది వేసవి. మార్చిలో ఒంటిపూట బడులు, ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. తోటకు సెలవులుండవు. ఆ రెండు నెలలూ తల్లుల సంఘం చూసుకోవాలి, పండిందంతా వాళ్లే పట్టుకెళ్లాలి. మూడోది ముఖ్యమైనది. పత్తి తీతలకు, మిరప కోతలకు పిల్లల్ని బడి మాన్పించి తీసుకెళ్లడం ఎటూ ఉంది. బడిలో కూడా వాళ్లను కూలీలుగా చూడకండి. వారానికి రెండు పీరియడ్లు, అంతే. నీళ్లు మోసే పని, చెత్త ఎత్తే పని ఏ పిల్లల మీద పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే మూడు తోటల్లో ఒకటైనా ఎస్సీ కాలనీకి ఆనుకుని ఉండాలి, దాని పెత్తనం ఆ కాలనీ ఆడవాళ్లదే కావాలి. అగ్రహారం పిల్లలు అక్కడికి నడిచి వెళ్లాలి.

కౌన్సెలర్ విషయంలో కూడా ఒకటి రెండు కచ్చితంగా రాయండి. ఆ పని మహిళా పోలీసుకో, ఏఎన్ఎమ్మకో, పీఈటీకో అదనపు బాధ్యతగా అంటగట్టకూడదు. సైకాలజీయో సోషల్ వర్కో చదివి, పిల్లలతో పనిచేసిన వాళ్లే కావాలి. పిల్లలు చెప్పినది పెద్దలకు మోయకూడదు. పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాల్సినవి, ప్రాణానికి ముప్పున్నవి తప్ప. ఎంతమందితో మాట్లాడారన్న లెక్క మీకు నెల నెలా ఇస్తారు. ఎవరితో మాట్లాడారన్న లెక్క మీరు అడగకూడదు. సర్పంచి గారి కూతురైనా సరే.

తీర్మానం మూడు ముక్కల్లో రాస్తే చాలు. స్త్రీ శిశు సంక్షేమ పద్దు నుంచి ఏడాది పాటు కౌన్సెలర్ గౌరవ వేతనం, సగం వాటా కోసం జిల్లా పరిషత్‌కు ప్రతిపాదన, ఉపాధి హామీ కింద మూడు తోటలకు స్థలం గుర్తింపు. జూన్‌లో బడి తెరిచేనాటికి స్థలం చదునైతే తొలి వానలకు విత్తనం పడుతుంది. ఇప్పుడున్న పాలకవర్గం చేయలేకపోతే మినిట్స్‌లో ఎక్కించి పెట్టండి, వచ్చేవాళ్లను అక్కడి నుంచే అడుగుతాం.

అంశం చర్చకు వచ్చే తేదీ ముందుగా తెలియజేస్తే, పిల్లల తల్లులు కొందరు కూలి మానుకుని వస్తామన్నారు. వెనక కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లను మాట్లాడనివ్వడం అధ్యక్షుల వారి ఇష్టం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు,
వీరులపాడు మండలం, ఎన్టీఆర్ జిల్లా